నాలుగో అంశం

నా పని రాయడం.
గిరెసున్‌లో, నల్ల సముద్రం గాలికి
కిటికీ అద్దాలకి ఉప్పు పేరుకున్న ఫిందుక్ ఫ్యాక్టరీలో
ప్రతి మంగళవారం మీటింగులో
ఎవరేమన్నారో రాసి, చివర సంతకం పెట్టించడం.
ఫిందుక్ అంటే గింజ.
చాక్లెట్ కడుపులో దాక్కునే గుండ్రటి గింజ.

నెర్మిన్ అక్క ఏరుడు బెల్టు దగ్గర
పందొమ్మిదేళ్లుగా నిలబడుతోంది.
ఆమె వేళ్లకి కళ్లున్నాయంటారు తోటివాళ్లు.
"బెల్టు వేగం తగ్గించాలి."
ఆమె చెప్పాలనుకున్నది ఇంతే.
చెప్పడానికి మూడు మంగళవారాలు పట్టింది.

మొదటిసారి గొంతు చించుకుంది.
"పైన కూర్చునే మీకేం తెలుసు" అంది.
నిజమే అంది.
నిజాన్ని రాయిలా విసిరితే
తల తప్పించుకుంటారు గానీ
చేత్తో పట్టుకుంటారా ఎవరైనా?
నేను రాశాను: చర్చ జరిగింది.

రెండోసారి కాగితాలు తెచ్చింది.
కూతురి లెక్కల పుస్తకంలోంచి చింపిన గళ్ల కాగితాలు, పదకొండు.
గంటకెన్ని, షిఫ్టుకెన్ని, ఎడమ చేతికెన్ని.
ఒక్క అంకె తప్పు లేదు.
ఏడో కాగితం దగ్గర అకౌంటెంటు ఆవలించాడు.
ఆవలింత అంటుకుంటుంది. నేనూ ఆవలించాను,
ఇప్పటికీ సిగ్గుపడతాను దానికి.
రాశాను: పరిశీలిస్తామన్నారు.

ఆ సాయంత్రం మినీబస్సులో
కిటికీలోకి చూస్తూనే అడిగింది:
"హల్దున్ బేకి రాత్రిళ్లు నిద్ర పట్టనిది దేనికి?"
నాకు తెలుసు. ఉత్తరాలు టైపు చేసేది నేనే కదా.
హాంబర్గ్ నుంచి వెనక్కొచ్చిన రెండు కంటైనర్లు,
"పుచ్చు గింజలు" అని ఎర్ర సిరాతో.
చెప్పొచ్చో కూడదో తేల్చుకోలేక
రెండు స్టాపులు దాటాక చెప్పాను.
ఆమె ఏమీ అనలేదు.
ఒళ్లోని సంచిలో ఉల్లిపాయలు సర్దుకుంది.

మూడో మంగళవారం వాన.
ఆమె చేతిలో ఒక పళ్లెం, అందులో గింజలు.
"ఆ కంటైనర్లు తిరిగొచ్చిన రోజు
మీరు అన్నం ముట్టలేదు బే, క్యాంటీన్లో చూశాం" అంది.
గొంతు పెంచలేదు. తగ్గించనూ లేదు.
"వీటిలో ఆరు పుచ్చువి.
బెల్టు మీద ఇవి మమ్మల్ని దాటిపోవడానికి నాలుగు సెకన్లు.
మీరే ఏరండి, నేను లెక్కపెడతాను."

బిర్, ఇకి, ఊచ్, దోర్త్.

రెండు దొరికాయి ఆయనకి. అందులో ఒకటి మంచిదే.
ఎవరికో నవ్వు పెదాల దాకా వచ్చింది.
అది బయటపడకముందే పళ్లెం తన వైపు లాక్కుని
"నాకూ మూడే దొరుకుతాయి" అంది నెర్మిన్ అక్క.

నన్నడిగితే అక్కడే గెలిచింది. లెక్క దగ్గర కాదు.
ఎదుటి మనిషి ఓడిపోకుండా ఒప్పుకోవడానికి
తలుపు ఓరగా తెరిచి పట్టుకున్న
ఆ ఒక్క ముక్క దగ్గర.

ఆ తర్వాత మాట్లాడలేదు. అది ఇంకా కష్టం.
మాట నెగ్గేలా ఉందనిపించగానే మనం
ఇంకో నాలుగు మాటలు ఎగదోసి
పొంగిన పాలు పొయ్యిపాలు చేస్తాం.
ఆమె మంట తగ్గించి నిలబడింది.
వాన చప్పుడు. హల్దున్ బే గ్లాసులో టీ చల్లారిపోయింది.
"ఒక్క లైనులో, ఒక్క నెల చూద్దాం" అన్నాడు.
అడిగింది మూడు లైన్లు.

పై వారం ఇస్తాంబుల్ నుంచి యజమానులొస్తే
"నాకొక ఆలోచన వచ్చింది" అని మొదలుపెట్టాడాయన.
మినీబస్సులో చెప్పాను ఆమెకి.
"మాట నడుస్తోందిగా,
ఎవరి కాళ్లతో నడిస్తేనేం" అంది.
ఇంటి దాకా మళ్లీ నోరు విప్పలేదు.

మర్నాడు టైపు చేశాను.
నాలుగో అంశం: బెల్టు వేగం. ప్రతిపాదించినవారు:
అక్కడ కాసేపు ఆగి,
ఇంటిపేరుతో సహా కొట్టాను.
నెర్మిన్ కరాయెల్.

హల్దున్ బే ఎప్పుడూ చదవకుండానే సంతకం పెడతాడు.
ఆ రోజు చదివాడు.
కలం మూత తీసి, మళ్లీ పెట్టి,
నా వైపు చూశాడు.
నేను చూపు దించలేదు. మాటా అనలేదు.
ఎంతసేపు ఊరుకోవాలో
ఎవరి దగ్గర నేర్చుకున్నానో ఆయనకి తెలుసు.